భవంతి ఇంట్లో పోస్టాఫీసు: ఏండ్ల తరబడి వాడినాక నా మాట

వరంగల్ దగ్గరి మా ఊళ్లో బ్యాంకు లేదు. ఉన్నదల్లా పాత భవంతి ఇంటి ముందర్రలో నడిచే బ్రాంచి పోస్టాఫీసే. పెండ్లయి వచ్చినప్పటి నుంచి నా పైసల లెక్క అక్కడే. పొదుపుకు బేఫికర్, అర్జెంటు పనికి మాత్రం నమ్ముకోవద్దు.

పల్లెల్లో ఇట్లాంటి పోస్టాఫీసుకు జాగ పోస్టుమాస్టరే చూపించాలి. అందుకే మా పోస్టాఫీసు చరిత్ర అంటే ఈ మాస్టరింటి చరిత్రే. మన్ను గోడలు, గూనపెంకలు, నడుమ గచ్చు. ఒకప్పుడు దీపం పెట్టిన గూట్లో ఇప్పుడు తేదీ ముద్ర, సిరా ప్యాడు ఉంటాయి. గూడు అడుగంతా నల్లగా పేరుకుపోయింది, ఎన్ని సున్నాలేసినా పోదు. పాత ఉత్తరాలు గుచ్చిన ఇనుప తీగకు చార్మినార్ బొమ్మున్న అణా స్టాంపు కవరొకటి ఇంకా వేలాడుతుంది. నిజాం రాజ్యానికి 1869 నుంచే సొంత స్టాంపులుండేవి, 1950లో ఆ తపాలా ఇండియా తపాలాలో కలిసింది. మా మామ మహారాష్ట్రలోని భీవండిలో మగ్గాల మీద పనిచేసినప్పుడు అత్తమ్మ మనియార్డర్లు తీసుకున్నది ఈ అర్రలోనే. ఫారం కింద ఆయన రాసిన నాలుగు ముక్కలు అప్పటి మాస్టరే చదివి వినిపించేవాడట. వాడకట్టంతా వినేదని ఇప్పటికీ సిగ్గుపడుతుంది!

నాకు పనికొచ్చింది ఆర్డీ, అంటే నెలనెలా కట్టే పొదుపు. నెలకు 100 నుంచి కట్టొచ్చు, 5 ఏండ్లు. బిడ్డకు పదేండ్లు నిండకముందే ఆడపిల్లల పొదుపు, సుకన్య ఖాతా తెరిచాను. కట్టిన ప్రతిసారీ పుస్తకంలో రాసి ముద్ర కొట్టిందాకా కదలకండి. పెద్ద మొత్తం తీయాలంటే ముందురోజే చెప్పాలి, పైసలు పై పోస్టాఫీసు నుంచి రావాలి మరి.

ఆసరా పింఛన్ల రోజు గచ్చంతా నిండిపోతుంది. పత్తి ఏరిన చేతులకు వేలిముద్ర ఒకపట్టాన పడదు. బొటనవేలు కాదంటే చూపుడువేలు, అదీ కాదంటే కడుక్కొని మళ్లీ వరస. సిగ్నల్ లేకపోతే మాస్టరు మిషన్ పట్టుకొని వేపచెట్టు కిందికి నడుస్తాడు, వెనకాలే అవ్వలందరూ. ఆ రోజు మీ పని పెట్టుకోకండి, ఉత్త టెన్షన్.

ఇంట్లోనే ఆఫీసు కాబట్టి పొద్దుగూకినా తలుపు తట్టొచ్చు.

"అన్నా, ఆర్డీ కట్టాలె."

"మిషన్ బంద్ చేసిన చెల్లె, పొద్దుగాల రా."

విసుక్కోడు, అంతే చాలు. కానీ వాళ్లింట్లో పెండ్లయితే మనకూ తిప్పలే. 2023 జూలై వానలకు వెనక గోడ కూలితే సంచులు, సామాను అన్నీ కొన్నాళ్లు దాలాన్‌లోనే.

మాస్టరుకు 65 నిండితే దిగిపోవాలి, అది దగ్గర్లోనే ఉంది. కొడుకులు హైదరాబాద్‌లో ఉంటారు, ఇల్లు అమ్మే మాట నడుస్తోంది. కొత్తగా వచ్చేవాళ్లు ఎవరింట్లో పెడతారో తెలియదు. ఏ ఇంటికి మారినా ఖాతా నంబరు మారదు కాబట్టి ఆర్డీ మాత్రం ఆపను.