నెవెనా కొకానోవా వెంట బల్గేరియాలో: ఏ ఊళ్లో ఆగాలి, ఏది వదిలేయొచ్చు

బల్గేరియా వెళ్లినవాళ్లలో చాలామంది రీలా మఠం, నల్ల సముద్రం బీచ్‌లు చూసుకుని వచ్చేస్తారు. మేం ఒక నటి కోసం వెళ్లాం. నెవెనా కొకానోవా (1938–2000) బల్గేరియా సినిమాకు ప్రథమ మహిళ అని అక్కడివాళ్లు ఇప్పటికీ అంటారు. యాక్టింగ్ కాలేజీ మొహం చూడకుండానే టీనేజీలో యాంబోల్ నాటకశాలలో చేరి, అక్కడి నుంచి సోఫియా సెటైరికల్ థియేటర్‌కు, సినిమాలకు వెళ్లింది. 1962లో ఆమె నటించిన 'పొగాకు' మరుసటి ఏడాది కాన్ చలనచిత్రోత్సవం పోటీకి వెళ్లింది. 1964లో వచ్చిన 'పీచ్ పళ్ల దొంగ' చూశాకే మాకు ఈ పిచ్చి పట్టింది.

ముందు వీసా సంగతి. 2025 జనవరి 1 నుంచి బల్గేరియా పూర్తిగా షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) ఉంది, కాబట్టి మనవాళ్లకు షెంగెన్ వీసా చాలు. 2026 నుంచి కరెన్సీ కూడా యూరోనే. పాత గైడ్ పుస్తకాల్లో లెవ్‌లలో (అక్కడి పాత కరెన్సీ) కనిపించే ధరలను సుమారు సగం చేసుకోండి.

సోఫియా ఎయిర్‌పోర్ట్ నుంచి నేరుగా మెట్రో ఉంది, టాక్సీ జోలికి పోకండి. బస్టాండ్ దగ్గర టాక్సీ ఎక్కాల్సి వస్తే అద్దం మీద అంటించిన రేటు చదివి ఎక్కండి. పేరున్న కంపెనీలా కనిపించే బండిలో ఎక్కి మేం రెట్టింపు కంటే ఎక్కువే సమర్పించుకున్నాం. సెటైరికల్ థియేటర్ బయటి నుంచి చూస్తే మామూలు భవనమే. పాత సినిమాల మీద మనసున్నవాళ్లు జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ వాళ్ల ఓడియన్ హాల్లో ఆ వారం ఏం వేస్తున్నారో కనుక్కోవడం మేలు.

'పీచ్ పళ్ల దొంగ' కథ జరిగేది వెలికో టర్నోవోలో. మొదటి ప్రపంచ యుద్ధం ఆఖరి రోజులు, ఒక కల్నల్ భార్య, తోటలో పళ్లు దొంగిలించడానికి వచ్చిన సెర్బియా యుద్ధఖైదీ. యాంత్రా నది ఊరిని చుట్టి మెలికలు తిరుగుతుంది, ఇళ్లు ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కినట్టు కొండవాలున ఉంటాయి. అది చూశాక ఆ కథలోని ఉక్కిరిబిక్కిరి మరింత అర్థమైంది. గుర్కో వీధిలోని పాత ఇంట్లో దిగాం. కిటికీలోంచి నది కనిపిస్తుంది, పొద్దున్నే వేడివేడి బానిత్సా (చీజ్ పెట్టి పొరలు పొరలుగా కాల్చేది) పెట్టారు. కానీ లిఫ్ట్ లేదు, మెట్లు నిటారుగా ఉన్నాయి, వీధంతా రాళ్ల పరుపు. పెద్దవాళ్లతో వెళ్తే పైన మెయిన్ రోడ్డు మీది హోటలే నయం. త్సారెవెట్స్ కోట బాగుంటుంది గానీ టూరిస్టు బస్సులు రాకముందే వెళ్లాలి.

శాకాహారులకు ఇబ్బంది లేదు. టమాటా, కీరా, చీజ్ కలిపిన షోప్స్కా సలాడ్ ఎక్కడైనా దొరుకుతుంది. తరాటోర్ అంటే నీళ్లు ఎక్కువైన కీరా పెరుగు పచ్చడి, మాకు ప్రాణం లేచొచ్చింది. చిక్కుడు గింజల సూప్ తాగే ముందు మాత్రం మాంసం వేశారేమో అడగండి.

అక్కడి నుంచి బాల్కన్ కొండల మీదుగా, రైళ్లు మారుతూ యాంబోల్ చేరాం. రైలు నత్తనడకే, దారి మాత్రం కన్నులపండుగ. బోర్డులు చాలాచోట్ల సిరిలిక్ లిపిలోనే ఉంటాయి. కనీసం ఊళ్ల పేర్లు చదవడం వస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. యాంబోల్‌లో టూరిస్టుల కోసం చేసిన హంగులేమీ లేవు. హోటల్ రిసెప్షన్‌లో ఇంగ్లీషు అంతంతమాత్రం, గది శుభ్రం, ధర సోఫియా కంటే బాగా తక్కువ. ఒట్టోమాన్ల కాలం నాటి బెజిస్టెన్ బజారు, తుంజా నది ఒడ్డు చూడ్డానికి ఒక సాయంత్రం సరిపోతుంది. నాటకశాలకు కొకానోవా పేరే పెట్టుకున్నారు. భాష రాకపోయినా టికెట్ కొని కూర్చున్నాం. హాల్లో ఎక్కువమంది స్థానికులే, ఇంటర్వెల్‌లో ఒకరినొకరు పలకరించుకుంటున్నారు. ఆమె నటన మొదలైంది ఇలాంటి జనం ముందే. అందాల లెక్కన టర్నోవోదే మొదటి స్థానం, ఆమె కోసమే వెళ్లేవాళ్లకు మాత్రం నా ఓటు యాంబోల్‌కే. కాకపోతే ఆ రోజు ప్రదర్శన ఉందో లేదో ముందే చూసుకోవాలి, లేకపోతే అంత దూరం వెళ్లడం దండగ.

ఆమె పుట్టిన దుప్నిత్సాకు ప్రత్యేకంగా ఒక రోజు కేటాయించక్కర్లేదు. సోఫియా నుంచి రీలా మఠానికి వెళ్లే దారిలోనే ఉంది, కాఫీకి ఆగితే సరిపోతుంది.