కుక్కపిల్లకు పార్వోనా, కాదా? స్ట్రిప్పు, రక్తపరీక్ష, పీసీఆర్: ఏది మేలు?

రెండు మూడు నెలల పిల్ల పొద్దున తిండి ముట్టదు. సాయంత్రానికి నురగ వాంతులు. మర్నాటికి నీళ్లలా, భరించలేని వాసనతో, ఎర్రగా విరేచనాలు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో "రగతం పోతంది" అనగానే పార్వో (పేగులను దెబ్బతీసే వైరస్ రోగం) అనేస్తారు. ఆరు వారాల నుంచి ఆరు నెలల లోపు, టీకాలు పూర్తికాని పిల్ల అయితే ఆ ఊహ చాలావరకు నిజమే. కానీ వాసన చూసి, రంగు చూసి తేల్చేస్తే కొన్ని పిల్లలు అన్యాయంగా పోతాయి. కొంకిపురుగులు బాగా పట్టినా రక్తం పోతుంది. దానికి నట్టల మందు, రక్తం ఎక్కించడం కావాలి. పేగులో పేగు దూరితే ఆపరేషన్ తప్ప దారి లేదు. ఎలుకల మందు తిన్నా, ఎముక ముక్క అడ్డుపడినా, డిస్టెంపర్ అనే మరో వైరస్ రోగం వచ్చినా మొదటి రోజు లక్షణాలు ఒకేలా ఉంటాయి.

మనకు అందుబాటులో ఉన్నవాటిలో ముందు చెప్పుకోవలసింది స్ట్రిప్పు కిట్. విరేచనంలో ఉన్న వైరస్‌ను పది నిమిషాల్లో గీత రూపంలో చూపిస్తుంది. కొనేటప్పుడే ఒక పొరపాటు జరుగుతుంటుంది: డబ్బా మీద పార్వో పేరు పక్కన 'ఏజీ' (Ag, అంటే యాంటిజెన్) అని ఉండాలి. 'ఏబీ' (Ab) అని ఉంటే అది రక్తంలో యాంటీబాడీలు చూసే కిట్. టీకా వేసిన పిల్లలోనూ, తల్లి నుంచి రక్షణ అందిన పిల్లలోనూ అది గీత చూపిస్తుంది కాబట్టి రోగం తేల్చడానికి పనికిరాదు.

నమూనా నేల మీద నుంచి ఎత్తకూడదు. ఫినాయిల్ కలిసిన విరేచనం పరీక్షను పాడుచేస్తుంది. దూది పుల్లను మలద్వారంలోకి రెండు సెంటీమీటర్లు పోనిచ్చి, గోడకు తగిలేలా తిప్పి తీయాలి. పుల్లకు పల్చగా అంటితే చాలు. ముద్దగా తీస్తే ద్రవం చిక్కబడి స్ట్రిప్పు మీద పాకదు, గీతలు మసకబారతాయి. కిట్‌తో వచ్చిన ద్రవంలో పుల్లను బాగా కలిపి, ఒక నిమిషం ఆగి, మడ్డి అడుక్కి దిగాక పైనున్న తేట నుంచి మూడు నాలుగు చుక్కలు వేయాలి. చుక్కల లెక్క, సమయం కంపెనీని బట్టి మారతాయి కాబట్టి డబ్బాలోని కాగితమే ప్రమాణం. సి (కంట్రోల్) దగ్గర గీత రాకపోతే ఆ స్ట్రిప్పు చెల్లదు. టి (టెస్ట్) దగ్గర ఎంత లేత గీత వచ్చినా పాజిటివ్ కిందే లెక్క. చెప్పిన సమయం దాటి అరగంటకు వచ్చిన గీతను మాత్రం లెక్కచేయొద్దు.

చాలా కిట్లను 30 డిగ్రీలు దాటకుండా ఉంచాలి. మే నెలలో పలాస నుంచో పాలకొండ నుంచో బండి డిక్కీలో వచ్చిన కిట్ ఆ హద్దు ఎప్పుడో దాటేసి ఉంటుంది. చల్లని పెట్టెలో తెచ్చి, వాడేముందు గది వేడికి రానివ్వాలి.

ఇక ఫలితాన్ని నమ్మడం దగ్గరకొస్తే, రెండు గీతలు వస్తే నమ్మండి, ఒకటే వస్తే నమ్మకండి. పీసీఆర్‌తో (వైరస్ జన్యుపదార్థాన్ని పట్టే ల్యాబ్ పరీక్షతో) పోల్చి చూసిన అధ్యయనాల్లో స్ట్రిప్పు కొన్నిచోట్ల సగం కేసులనే పట్టింది, మరికొన్నిచోట్ల 80 శాతం దాకా పట్టింది. కారణం రోగంలోనే ఉంది. వైరస్ సోకిన మూడు నాలుగు రోజులకు విరేచనంలో రావడం మొదలై, మరో మూడు నాలుగు రోజులు విపరీతంగా ఉండి, తర్వాత తగ్గుతుంది. పిల్ల ఒంట్లో తయారైన యాంటీబాడీలు పేగులోకి దిగి వైరస్‌కు అతుక్కుంటే స్ట్రిప్పుకు అది చిక్కదు. వట్టి రక్తనీళ్లు పోతున్నప్పుడు వైరస్ పలచబడిపోతుంది. అంటే పిల్ల బాగా నీరసించిపోయిన దశలోనే పరీక్ష తప్పే అవకాశం ఎక్కువ. ఎదురు తప్పు ఒకటి ఉంది గానీ అరుదు: వారం పది రోజుల లోపు బతికున్న వైరస్ టీకా వేసి ఉంటే లేత గీత రావచ్చు. టీకా తేదీ అడగకుండా ఫలితం చదవొద్దు.

రక్తపరీక్ష వైరస్‌ను చూపించదు, వైరస్ చేసిన నష్టాన్ని చూపిస్తుంది. పార్వో పేగుతో పాటు ఎముక మూలుగను కూడా దెబ్బతీస్తుంది. కుక్కలో ఒక మైక్రోలీటరు రక్తానికి తెల్లకణాలు మామూలుగా 6,000 నుంచి 17,000 దాకా ఉంటాయి. పార్వోలో 3,000 లోపుకు, ఒక్కోసారి 1,000 లోపుకు పడిపోతాయి. మొదటి రోజు మామూలుగానే ఉండొచ్చు, అందుకని మర్నాడు మళ్లీ చూడాలి. ఆ రెండో లెక్కే నాకు అన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది, ఎందుకంటే అది రోగం పేరుతో పాటు పిల్ల ఎటు పోతోందో కూడా చెబుతుంది. 24 గంటల్లో లింఫోసైట్లు (తెల్లకణాల్లో ఒక రకం) 1,000 దాటి పైకి లేస్తుంటే మంచి గుర్తు.

ఊదా మూత ఈడీటీఏ గొట్టంలో అర మి.లీ. నుంచి ఒక మి.లీ. చాలు, చిన్న సైజు గొట్టమే వాడాలి. తీసిన వెంటనే ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చేయాలి. గడ్డ కడితే లెక్క తప్పుతుంది. మనుషుల ల్యాబ్‌లో ఇస్తే మొత్తం తెల్లకణాల సంఖ్య దాదాపు సరిగ్గా రావచ్చు గానీ, మిషన్ విడివిడిగా ఇచ్చే శాతాలను నమ్మలేం. గాజుపలక మీద రక్తపు పూత తీయించి మైక్రోస్కోపులో చూపించండి. కొంకిపురుగుల రోగంలో తెల్లకణాలు ఇలా కూలిపోవు, చిగుళ్లు పాలిపోయి రక్తహీనత కనబడుతుంది. అదే మైక్రోస్కోపు కింద చిటికెడు విరేచనం పెట్టి నట్టల గుడ్లు చూడటానికి ఖర్చేమీ లేదు. కాకపోతే గుడ్లు కనబడ్డాయని పార్వో లేదనుకోకండి, రెండూ కలిసి ఉన్న పిల్లలు ఎక్కువే.

పీసీఆర్ అన్నిటికంటే సూక్ష్మం. స్ట్రిప్పుకు చిక్కని కొద్దిపాటి వైరస్‌నూ పట్టేస్తుంది. కానీ ఇచ్ఛాపురంలో పిల్ల చావుబతుకుల్లో ఉండగా విశాఖపట్నం ల్యాబ్‌కు నమూనా పంపి ఫలితం వచ్చేలోపు రోగం తేలిపోతుంది, అటో ఇటో. గరివిడి పశువైద్య కళాశాలకు పంపాలన్నా, విశాఖకు పంపాలన్నా, ఆ రోజు ఆ పరీక్ష చేస్తున్నారో లేదో ముందు ఫోన్ చేసి కనుక్కోవాలి. పుల్లను మూతగట్టి గొట్టంలో, ఐస్‌ప్యాక్‌ల మధ్య పంపండి. ఫార్మలిన్‌లో వేయొద్దు. టీకా వైరస్‌నూ ఇది పట్టుకుంటుంది, అదీ స్ట్రిప్పు కంటే ఎక్కువ రోజుల పాటు. వైరస్ ఏ రకం, 2ఏనా, 2బినా, 2సినా అన్న వివరం పరిశోధనకు కావాలి గానీ వైద్యం మారదు.

అందుకని మన రెండు జిల్లాల్లో ఒంటరి పిల్లకు మేలైన దారి అదే రోజు స్ట్రిప్పు, తెల్లకణాల లెక్క, విరేచనం మైక్రోస్కోపు, మూడూ కలిపి. స్ట్రిప్పు పాజిటివ్ అయితే పీసీఆర్ దండగ. నెగటివ్ వచ్చి తెల్లకణాలు పడిపోయి ఉంటే పార్వో అనే పట్టి వైద్యం చేసి, మర్నాడు కొత్త స్ట్రిప్పు వేయండి. నెగటివ్ వచ్చి, తెల్లకణాలు బాగుండి, పొట్ట తడిమితే గట్టిగా కర్రలా తగిలితే స్కానింగ్‌కు తీసుకెళ్లాలి. పీసీఆర్‌కు డబ్బు పెట్టాల్సింది పది పిల్లలున్న పెంపకందారు దగ్గర ఒకటి పోయినప్పుడు, లేదా టీకా వేసిన వారంలోనే రోగం వచ్చి అది టీకా వైరసో, రోగపు వైరసో తేల్చుకోవాల్సినప్పుడు (ఆ రెంటినీ వేరుచేసే పీసీఆర్ అయితేనే).

ఏ పరీక్ష కోసమూ సెలైన్ ఆపకూడదు. సూది ఎక్కించేటప్పుడే రక్తం తీసుకుంటే సరిపోతుంది. గ్లూకోమీటర్‌తో చక్కెర చూడండి. 60 కంటే తక్కువ ఉంటే పిల్ల మూర్ఛపోయేది రోగంతో కాదు, చక్కెర పడిపోయి.

పరీక్ష చేసిన బల్లను ఫినాయిల్‌తో తుడిస్తే ఈ వైరస్ చావదు. ముందు సబ్బుతో కడిగి, ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి 30 వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచాలి. లేకపోతే తర్వాత వచ్చిన పిల్లకు పరీక్ష బల్ల మీదే రోగం అంటుతుంది. కోలుకున్న పిల్లను మిగతావాటితో ఎప్పుడు కలపాలో తేల్చడానికి పీసీఆర్ వాడొద్దు, వారాల తరబడి పాజిటివ్ చూపిస్తూనే ఉంటుంది. విరేచనాలు ఆగాక మరో రెండు వారాలు విడిగా ఉంచి, ఒళ్లు, కాళ్లు బాగా కడిగి కలపండి.