వృక్ష కణం, జంతు కణం: పట్టిక మేలా, నమూనా మేలా, సూక్ష్మదర్శిని మేలా?

ఏడో తరగతి జవాబు పత్రాలు దిద్దేటప్పుడు ఏటా ఒక వాక్యం ఎదురవుతుంది: "వృక్ష కణానికి కణకవచం ఉంటుంది, జంతు కణానికి కణత్వచం ఉంటుంది." విడివిడిగా చూస్తే రెండు ముక్కలూ నిజమే. కలిపి చదివితేనే తప్పు. కణత్వచం, అంటే కణాన్ని చుట్టి ఉండే పలచని పొర, రెండింటికీ ఉంటుంది. వృక్ష కణానికి దాని వెలుపల కవచం, అంటే గోడ, అదనం, అంతే. ఈ తప్పు పిల్లలు సొంతంగా కనిపెట్టింది కాదు. నల్లబల్ల మీద నేను గీసిన రెండు గళ్ల పట్టికే వాళ్లకు నేర్పింది. ఎడమ గడిలో ఒకటి రాశాక కుడి గడిలో దానికి జోడీ ఉండి తీరాలని ఎవరికైనా అనిపిస్తుంది మరి.

అలాగని పట్టికను తీసిపారేయలేం. పది నిమిషాల్లో పని అయిపోతుంది, యాభై మంది ఉన్న తరగతిలోనూ సాగుతుంది, పరీక్షలో అడిగేదీ అదే. దాని లోపం ఏమిటంటే, అది తేడాలనే చూపిస్తుంది. ఈ రెండు కణాల్లో పోలికలే ఎక్కువ. కేంద్రకం, కణద్రవ్యం, త్వచం, శ్వాసక్రియ జరిగే మైటోకాండ్రియా రెండింటిలోనూ ఉంటాయి. "మొక్కకు హరితరేణువు, జంతువుకు మైటోకాండ్రియా" అని పంచిపెట్టేసే పిల్లలు ప్రతి తరగతిలోనూ నలుగురైదుగురు ఉంటారు. మొక్క హరితరేణువులతో ఆహారం తయారు చేసుకుంటుంది కాబట్టి దానికి శ్వాసక్రియ అక్కర్లేదని వాళ్ల లెక్క. హరితరేణువులు లేని వేరు మట్టిలో చీకట్లో ఎలా బతుకుతోంది అని అడిగి చూడండి, ఆ లెక్క అక్కడే తడబడుతుంది. రిక్తికల, అంటే కణం లోపలి ద్రవం నిండిన సంచుల, సంగతీ ఇంతే. "ఉంటాయి, ఉండవు" అని రాస్తే తప్పు. జంతు కణంలో ఉన్నా చిన్నవి. ఎదిగిన వృక్ష కణంలో ఒకే పెద్ద రిక్తిక తొంభై శాతం దాకా చోటు ఆక్రమించగలదు. పట్టిక గడిలో ఇంత సంగతి పట్టదు.

పోలికతో చెప్పడం ఇంకో దారి. కణం ఒక కర్మాగారం, కేంద్రకం మేనేజరు, మైటోకాండ్రియా విద్యుత్ కేంద్రం, కవచం ప్రహరీ గోడ. పిల్లలు ఇట్టే అందుకుంటారు, నవ్వుకుంటారు కూడా. కానీ ఈ పోలిక సరిగ్గా తేడా ఉన్న చోటే దెబ్బతింటుంది. ప్రహరీ గోడ అనగానే లోపలికి ఎవరిని రానివ్వాలో తేల్చేది అదేననుకుంటారు. నిజానికి నీరు, అందులో కరిగిన లవణాలు కవచంలోంచి సులువుగానే వెళ్లిపోతాయి. కాపలా పని త్వచానిది. అయిదు నిమిషాల పరిచయానికి ఈ పోలిక సరే, అంతకు మించి లాగితే దాన్ని సరిదిద్దడానికే ఒక పీరియడ్ పోతుంది.

ఇక నమూనాలు. బంకమట్టితోనో థర్మోకోల్‌తోనో చేయించే నమూనాలంటే నాకు పెద్ద గౌరవం లేదు. కణం కాగితంలా పలచగా కాక మందంగా ఉంటుందని తెలుస్తుంది, అది లాభమే. మిగతాదంతా రంగుల సంబరం. మైటోకాండ్రియా ఎర్రగా ఉంటాయని నమ్మిన పిల్లవాడు నా తరగతిలోనే ఉన్నాడు. పైగా ఇంటి దగ్గర చేసుకురమ్మంటే ఆ రాత్రి మేలుకుని అంటించేది అమ్మానాన్నలే.

దీనికంటే నాకు అట్టపెట్టె నమూనా నచ్చుతుంది. నాలుగు ప్లాస్టిక్ సంచుల్లో నీళ్లు నింపి మూతి బిగించి కట్టండి. వాటిని బల్ల మీద ఒకదానిపై ఒకటి పేర్చమనండి. జారిపోతాయి, చప్పబడతాయి. అవే సంచులను వాటికి సరిపోయే అట్టపెట్టెల్లో పెట్టి పేర్చమంటే నిలువుగా నిలబడతాయి. సంచి త్వచం, పెట్టె కవచం. చెట్టుకు ఎముకలు లేకపోయినా అంత ఎత్తు ఎలా నిలబడిందో అడిగితే జవాబు పిల్లలే చెబుతారు. ఒక సంచిలో సగం నీళ్లు తీసేసి చూపిస్తే వాడిన ఆకు సంగతీ తెలిసిపోతుంది. పెట్టె ఉన్నా లోపలినుంచి ఒత్తిడి తగ్గింది. నిజం కవచం అట్టకంటే మెత్తన, సాగుతుంది కూడా. ఆ మాట ఒక్కటి చెప్పడం మరవకండి.

సూక్ష్మదర్శిని దగ్గరికి వస్తే అందరూ చెప్పేది ఉల్లిపొర, బుగ్గ కణాలు. ఉల్లిపొర మీద అయోడిన్ చుక్క వేసి వంద రెట్లు పెద్దది చేస్తే ఇటుక గోడలా వరుసలు కనిపిస్తాయి. బుగ్గ లోపలి నుంచి టూత్‌పిక్ మొద్దు చివరతో మెల్లగా గీసి, మిథిలీన్ బ్లూ అనే రంగు వేసి, నాలుగు వందల రెట్లు పెద్దది చేసి చూస్తే అంచులు ముడతపడ్డ పలచని రేకులు, ఒక్కోదాని నడుమ ముదురు నీలం చుక్క కనిపిస్తాయి. ఎవరి పుల్ల వారిదే, పని కాగానే క్రిమిసంహారక ద్రావణంలో పడేయాలి. బుగ్గ కణాలు తీయడానికి అనుమతి లేని చోట సిద్ధంగా దొరికే స్లైడు చాలు.

ఇక్కడా గోతులు ఉన్నాయి. మొదటిది గాలి బుడగ. స్లైడు మీద కప్పే పలచని గాజు పలకను, అంటే కవర్ స్లిప్‌ను, ఏటవాలుగా దించకుండా ఒక్కసారిగా వదిలేస్తే కింద బుడగలు చిక్కుకుంటాయి. దట్టమైన నల్లటి అంచు, చక్కని గుండ్రటి ఆకారం, లోపల ఏమీ ఉండదు. పాఠ్యపుస్తకంలో జంతు కణం పటం గుండ్రంగా ఉంటుంది కాబట్టి పిల్లలు నేరుగా దాన్నే గీసి "జంతు కణం" అని పేరు పెడతారు. ఒక ఏడాది పదకొండు పుస్తకాల్లో గాలి బుడగలే దొరికాయి నాకు.

రెండోది, ఉల్లిపొరలో హరితరేణువులు ఉండవు. భూమిలో పెరిగే ఉల్లిగడ్డకు వాటితో పనేముంది? వృక్ష కణమంటే పచ్చగా ఉండాలని నిన్ననే చెప్పి, ఇవాళ పచ్చదనం లేని కణం చూపిస్తే పిల్లలు మన మాట నమ్మాలా, కళ్లను నమ్మాలా? అందుకే ఒక్క మొక్క పదార్థమే చూపించే వీలుంటే నా ఓటు హైడ్రిల్లా అనే నీటిమొక్క ఆకుకు. రెండు కణాల మందమే కాబట్టి కోయనక్కర్లేదు, రంగు వేయనక్కర్లేదు. హరితరేణువులు స్పష్టంగా కనిపిస్తాయి. కాసేపు వెలుతురులో ఉంచితే కణద్రవ్యంతో పాటు గోడల వెంట మెల్లగా కదలడం కూడా చూడవచ్చు. కేంద్రకం మాత్రం సరిగా కనిపించదు. అది చూపించడానికి ఉల్లిపొరే మేలు. తీరిక ఉంటే రెండూ పెట్టండి.

ఆ హైడ్రిల్లా స్లైడు మీద చేసే ఒక్క పని కోసమే నేను సూక్ష్మదర్శినిని మిగతా పద్ధతులన్నిటికన్నా ముందుంచుతాను. వంద మిల్లీలీటర్ల నీటిలో ఐదు నుంచి పది గ్రాముల ఉప్పు కలిపి, కవర్ స్లిప్ ఒక అంచున చుక్క వేసి, ఎదుటి అంచు నుంచి వడపోత కాగితంతో నీటిని లాగండి. కొద్ది నిమిషాల్లో ఆకుపచ్చ రేణువులన్నీ గోడల దగ్గర్నుంచి విడిపోయి లోపలికి ముద్దగా చేరతాయి. గోడలు ఉన్నచోటే ఖాళీ చట్రంలా నిలుస్తాయి. త్వచం విడిగా కనిపించదు, కానీ ఆ పచ్చటి ముద్ద అంచే దాని జాడ. వెంటనే మంచినీరు పంపితే చాలా కణాలు మళ్లీ నిండుతాయి. కవచానికి "బదులు" త్వచం అన్న మాట ఆ తర్వాత మళ్లీ వినబడదు.

ఇంగ్లండ్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ 1665లో బెరడు ముక్కలో చూసి పేరు పెట్టింది కూడా ఇలాంటి ఖాళీ చట్రాలకే, చచ్చిపోయిన కణాల కవచాలకు. మొక్కలన్నీ కణాలతోనే నిర్మితమని జర్మన్ శాస్త్రవేత్త ష్లీడన్ 1838లో, జంతువులూ అంతేనని మరో జర్మన్ శాస్త్రవేత్త ష్వాన్ 1839లో చెప్పారు. కవచం లేని కణాన్ని, అదీ రంగు వేయకుండా, పసిగట్టడం అంత తేలిక కాదు. బుగ్గ కణాలు కనబడటం లేదని పిల్లలు విసుక్కున్నప్పుడు ఈ సంగతి చెబితే కాస్త ఊరట పొందుతారు.

మూడు పీరియడ్లు దొరికితే నా వరుస ఇది: మొదట సూక్ష్మదర్శిని, తర్వాత సంచులు, పెట్టెలు, ఆఖరున పట్టిక. ఆ పట్టికకు మూడు గళ్లు: మొక్కలో, జంతువులో, రెండింటిలోనూ. నింపేది పిల్లలు. సూక్ష్మదర్శిని లేకపోతే గీసిన పటం కంటే నిజం కణాల ఫొటో నయం. పటంలో అన్ని భాగాలూ ఒకే కణంలో కొలువుతీరినట్టు ఉంటాయి, చాలా కణాలు అలా ఉండవు. సెంట్రియోల్, లైసోజోమ్ అనే కణభాగాలను పై తరగతులకు వదిలేయడమే మంచిదని నా ఉద్దేశం.

కిందటిసారి ఉప్పునీటి ప్రయోగం తర్వాత ఒక అమ్మాయి పుస్తకంలో ఒకదానిలో ఒకటి రెండు గీతలు గీసింది. బయటి గీత పక్కన "కదలలేదు", లోపలి గీత పక్కన "కదిలింది" అని రాసింది. కవచం, త్వచం అనే పేర్లు రాయడం మరిచిపోయింది. మార్కులు తగ్గించడానికి నాకు చేయి రాలేదు.