బొబ్బిలి యుద్ధం డ్రెస్సులకి ఏ మఖమల్? విజయనగరం కొట్లలో దొరికే రకాలు

గంటస్తంభం దగ్గర బట్టల కొట్లో వెల్వెట్ అడిగితే ముందు పరిచేది మైక్రో వెల్వెట్ తానే. కొట్లో ట్యూబులైటు కింద బాగానే ఉంటుంది. స్టేజీ లైటు పడ్డాక మాత్రం స్టీలు గిన్నెలా తళతళలాడుతుంది. అది పాలిస్టర్ మరి. బొబ్బిలి యుద్ధం 1757 నాటిది. అప్పటి దొరల మఖమల్ అంటే పట్టు నూగే (నూగు అంటే గుడ్డ పైన నిలబడే పొట్టి పోగులు). లాగితే సాగే రకం అసలే వద్దు, జమీందారు కాస్తా సర్కస్‌వాడిలా కనిపిస్తాడు.

‘ప్యూర్ సిల్క్ వెల్వెట్’ అన్న మాట నమ్మి మీటరుకి వేలు పోయకండి. పట్టు నేత మీద రేయాన్ నూగు ఉన్న గుడ్డ కూడా ఆ పేరుతోనే అమ్ముడుపోతుంది. అంచు నుంచి నేత పోగులు, నూగు విడివిడిగా తీసి కాల్చి చూడాలి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద నలిపితే పొడైతే పట్టు. కాగితం కాలిన వాసనైతే రేయాన్ లేదా కాటన్. కరిగి గట్టి పూస కట్టిందంటే పాలిస్టర్.

పట్టు కొనలేనివాళ్లకి మా ఓటు కాటన్ వెల్వెట్‌కే. నూగు పొట్టి, మెరుపు అణకువ, వేలాడే బరువు ఉంది. ముందు వరుసలో కూర్చున్నవాళ్లు కూడా తేడా పట్టలేరు. లోపాలూ ఉన్నాయి: మోచేతుల దగ్గర నూగు అరిగిపోతుంది, కత్తిరించిన అంచులు రాలతాయి, ఉక్క. పల్చటి మల్లు (మెత్తటి నూలు గుడ్డ) అస్తరు తప్పదు. రంగు లక్క ఎరుపో, ముదురు నీలిమందు నీలమో చాలు. మెరిసే ఊదా, గులాబీ రంగులు 1856 తర్వాత వచ్చిన రసాయన అద్దకాల సంతానం.

అరచేత్తో నిమిరి చూడండి. నున్నగా పోయేది నూగు వాలు. ఆ వాలు పైకి ఉండేలా కోస్తే రంగు చిక్కగా కనబడుతుంది. ముక్కలన్నీ ఒకే వాలులో కోయాలి కాబట్టి నాలుగు మీటర్ల అంగరఖాకి ఐదు తీసుకోండి. ఒక్క చెయ్యి తిరగబడినా రెండు రంగుల గుడ్డలా ఉంటుంది. 44 అంగుళాల పన్నాని వీపు మధ్యలో చీల్చి కుట్టడం ఇంకా మేలు, పాత మఖమల్ పన్నా రెండడుగులకి అటూ ఇటూగానే ఉండేది.

నూగుకి నూగు ఆనితే మిషన్ కింద పై గుడ్డ పాకుతుంది. రెండు వరుసల కచ్చా కుట్టు వేసి, గుడ్డని నొక్కిపట్టే మిషన్ పాదం ఒత్తిడి తగ్గించి, 3 మిల్లీమీటర్ల కుట్టుతో నూగు వాలు వెంట పోనివ్వమని టైలరుకి చెప్పండి. ఇస్త్రీ పైన తగిలిందా, ఆ మచ్చ పోదు. ఇంకో వెల్వెట్ ముక్క మీద బోర్లించి, వెనక నుంచి ఆవిరి పడితే చాలు.