సిపాదన్, పెద్రా బ్రాంకా: ఒకచోట గెలుపు, ఒకచోట ఓటమి

ఈ రెండు దీవుల వివాదాల్లోనూ మలేషియా ఉంది, రెండూ తేలింది అంతర్జాతీయ న్యాయస్థానంలోనే.

సిపాదన్, లిగితాన్ దీవుల కోసం ఇండోనేషియా 1891 నాటి ఆంగ్లో-డచ్ ఒప్పందాన్ని చూపింది. ఆ సరిహద్దు గీత సెబాటిక్ అనే దీవి తూర్పు తీరం దగ్గరే ఆగుతుందని, సముద్రంలోకి సాగదని 2002లో కోర్టు చెప్పింది. మలేషియాను గట్టెక్కించినవి తాబేలు గుడ్లు! వాటి సేకరణపై ఉత్తర బోర్నియో (నేటి మలేషియాలోని సబా) వలస ప్రభుత్వం 1917లోనే చట్టం చేసింది; ఆ దీవులను పాలించినట్టు అదే ఆధారమైంది. దానికి 1962, 63లలో కట్టిన దీపస్తంభాలు తోడయ్యాయి. 16-1 ఓట్లతో తీర్పు మలేషియాకు అనుకూలంగా వచ్చింది.

సింగపూర్‌తో వివాదం ఉన్న పెద్రా బ్రాంకాపై మొదటి హక్కు జోహోర్‌దేనని (ఇప్పుడది మలేషియాలో ఒక రాష్ట్రం) 2008లో కోర్టు ఒప్పుకుంది. అయినా దీవి చేజారింది. 1953లో దీవి ఎవరిదని సింగపూర్ అడిగితే, దానిపై యాజమాన్యం కోరడం లేదని జోహోర్ తాత్కాలిక కార్యదర్శి రాసిచ్చారు. అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతీసింది ఆ ఉత్తరమేనని నా అభిప్రాయం. 12-4 ఓట్లతో దీవి సింగపూర్‌కు దక్కింది; పక్కనున్న మిడిల్ రాక్స్ అనే రాళ్లు మాత్రం మలేషియాకు దక్కాయి.