డెస్క్‌టాప్ మాయమైందని ల్యాప్‌టాప్‌ను దుకాణంలో ఇచ్చేయకండి: నా మూడు నెలల లెక్కలు ఇలాగే పోయాయి

విశాఖపట్నంలో ల్యాప్‌టాప్ సర్వీసుకు ఇవ్వబోతున్నవారు, ముఖ్యంగా డెస్క్‌టాప్ మీద ఫైళ్లు కనిపించడం లేదని ఇవ్వబోతున్నవారు, దయచేసి ఇది చదివాకే ఇంటి నుంచి బయలుదేరండి. ద్వారకానగర్‌లోని ఒక దుకాణానికి రెండుసార్లు వెళ్లి 5,700 రూపాయలు కట్టాను. డబ్బు సంగతి అలా ఉంచండి. చెక్కుచెదరకుండా ఉన్న నా ఫైళ్లను వాళ్లే తుడిచేసి, తర్వాత వాటిని వెతికి పెట్టినందుకని మళ్లీ రుసుము తీసుకున్నారు.

నేను గోపాలపట్నంలో ఉంటూ ఫిషింగ్ హార్బర్‌లోని కొందరు బోటు యజమానులకు లెక్కలు రాస్తాను. డీజిల్, ఐసు, వలల మరమ్మతు, సరంగుకు (బోటు నడిపేవాడు), కలాసీలకు (బోటు మీద పనిచేసేవాళ్లు) ఇచ్చిన అడ్వాన్సులు, వేట నుంచి వచ్చాక అమ్మిన చేపల విలువ, చివరికి ఎవరి వాటా ఎంత అన్నది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. బోట్లు ఒడ్డుకు చేరే ఆ రెండు నెలల్లోనే యజమానులు, కలాసీలు కూర్చుని ఏడాది లెక్క తేల్చుకుంటారు. నా పట్టికలన్నీ డెస్క్‌టాప్ మీద బోటుకొక ఫోల్డర్ చొప్పున ఉండేవి.

మొదటిసారి దుకాణానికి వెళ్లింది ఏప్రిల్ మొదటి వారంలో. సంక్రాంతికి వచ్చిన పిల్లలు తమ ఫోన్లలోని ఫోటోలు, వీడియోలు నా ల్యాప్‌టాప్‌లో వేసి వెళ్లారు. ఆ రోజు నుంచి వన్‌డ్రైవ్ (మన ఫైళ్ల నకలును ఇంటర్నెట్‌లో దాచే మైక్రోసాఫ్ట్ సేవ) నిండిపోయిందన్న హెచ్చరిక తెర మూలన వస్తూనే ఉంది, విండోస్ ఉండే సి డ్రైవ్ గీత ఎర్రగా మారింది. దుకాణంలో ఉన్న అబ్బాయి గంట సేపు పట్టుకుని, ‘ఇక ఆ మెసేజ్ రాదు మేడమ్’ అని చెప్పి 1,200 తీసుకున్నాడు. చీటీ మీద ‘సి డ్రైవ్ ఖాళీ చేయడమైనది’ అని రాసి ఇచ్చాడు. ఏం తీశాడో, ఎక్కడ పెట్టాడో నేను అడగలేదు, అతను చెప్పలేదు.

మర్నాడు ఉదయం ల్యాప్‌టాప్ తెరిస్తే డెస్క్‌టాప్ బోసిగా ఉంది. చెత్తబుట్ట బొమ్మ ఒక్కటే మిగిలింది. మధ్యలో ఒక పెట్టెలో ‘సి:\యూజర్స్’తో మొదలై ‘వన్‌డ్రైవ్\డెస్క్‌టాప్’తో ముగిసే పొడవాటి దారి, ఆ చోటు అందుబాటులో లేదన్న సందేశం. ‘సరే’ నొక్కితే పెట్టె పోయింది, డెస్క్‌టాప్ మాత్రం అలాగే ఉంది. నా చేతులు చల్లబడ్డాయి. కంప్యూటర్‌లోని డ్రైవ్‌లు చూపించే కిటికీ తెరిచి, ఆ తెరను ఫోన్‌తో ఫోటో తీసి, బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అక్క కొడుక్కి పంపాను. రాత్రి డ్యూటీ చేసి పడుకున్నాడు కాబోలు, జవాబు రాలేదు. ఓపిక పట్టలేక ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని మళ్లీ ఆ దుకాణానికే వెళ్లాను.

ఈసారి వేరే వ్యక్తి ఉన్నాడు. రెండు నిమిషాలు చూసి, హార్డ్ డిస్క్ కరప్ట్ అయిందని, విండోస్ మళ్లీ వేయాలని, డేటా రికవరీ చేస్తామని చెప్పాడు. విండోస్‌కు 1,000, రికవరీకి 3,500. లెక్కలు ముఖ్యమని, ఒక్కటి కూడా పోకూడదని నేను చెబుతూనే ఉన్నాను. ‘అన్నీ వచ్చేస్తాయి మేడమ్, సాయంత్రం రండి’ అన్నాడు. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఇచ్చి బస్సెక్కాను.

ఎన్‌ఏడీ కూడలి దాటుతుండగా మా వాడి సందేశం వచ్చింది. ‘పిన్నీ, ల్యాప్‌టాప్ ఎవరికీ ఇవ్వకు. డి డ్రైవ్ తెరిచి చూడు.’ వెంటనే దుకాణానికి ఫోన్ చేశాను. ఫార్మాట్ (డిస్క్‌లో ఉన్నదంతా తుడిచేయడం) అయిపోయిందన్నారు. డి డ్రైవ్ కూడానా అని అడిగితే, మొత్తం శుభ్రంగా చేశాం అన్నారు.

నేను పంపిన ఫోటోలోనే జవాబు ఉందని ఆ రాత్రి మా వాడు విడమరిచి చెప్పాడు. అందులో సి డ్రైవ్ చాలా వరకు ఖాళీగా ఉంది, ఎప్పుడూ ఖాళీగా ఉండే డి డ్రైవ్ సగం నిండి ఉంది. మొదటి అబ్బాయి వన్‌డ్రైవ్ ప్రోగ్రామ్‌ను తీసేసి, ఆ పేరుతో ఉన్న ఫోల్డర్‌ను సి నుంచి కోసి డిలో అతికించాడు. నా డెస్క్‌టాప్ ఆ ఫోల్డర్ లోపలే ఉంది. విండోస్ మాత్రం పాత చోటే వెతికి, అక్కడ ఏమీ లేదని ఆ పెట్టె చూపించింది. డిస్క్‌కు ఏ జబ్బూ లేదు. నా ఫైళ్లన్నీ డి డ్రైవ్‌లో క్షేమంగా ఉన్నాయి, రెండో వ్యక్తి ఫార్మాట్ నొక్కే నిమిషం వరకు.

ఈ ఒక్క సంగతి అందరికీ తెలియాలనే ఇంత వివరంగా రాస్తున్నాను. మనం తెర మీద చూసే డెస్క్‌టాప్ నిజానికి డిస్క్‌లోని ఒక మామూలు ఫోల్డర్. మామూలుగా అది సి డ్రైవ్‌లో యూజర్స్ అనే ఫోల్డర్‌లో, మన పేరు కింద ఉంటుంది. వన్‌డ్రైవ్ బ్యాకప్‌కు ఎప్పుడైనా ఒప్పుకుని ఉంటే, మన పేరు కిందే ఉన్న వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపలికి మారుతుంది. కొత్త ల్యాప్‌టాప్‌ను మొదటిసారి తెరిచినప్పుడు వచ్చే ప్రశ్నలకు వరసగా ‘నెక్స్ట్’ నొక్కుకుంటూ పోయేవాళ్లం అలా ఒప్పుకున్నామని కూడా గుర్తుంచుకోము. నేనూ అంతే. ఆ ఫోల్డర్‌ను ఎవరైనా జరిపినా, పేరు మార్చినా, అది ఉన్న రెండో డిస్క్ కనెక్షన్ వదులైనా డెస్క్‌టాప్ మాయమైనట్టే కనిపిస్తుంది. చిరునామా తప్పింది, అంతే. ఇల్లు కూలిపోలేదు.

మీకు ఇలా జరిగితే ముందు ఆ పెట్టెలోని దారిని అక్షరం వదలకుండా చదవండి, ఫోటో తీసుకోండి. జబ్బేమిటో అక్కడే రాసి ఉంటుంది. తర్వాత సి డ్రైవ్‌లో మీ పేరున్న ఫోల్డర్, దానిలోని వన్‌డ్రైవ్ ఫోల్డర్, మిగతా డ్రైవ్‌లు ఒక్కొక్కటిగా తెరిచి చూడండి. గుర్తున్న ఫైలు పేరు ఒకటి వెతుకులాట పెట్టెలో టైప్ చేయండి. ఫైళ్లు దొరికితే మొట్టమొదట వాటిని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి, మరమ్మతు ఆ తర్వాత. ఇక్కడ తొందర పడకండి, కాపీ పూర్తయ్యాక రెండు మూడు ఫైళ్లు పెన్‌డ్రైవ్ నుంచే తెరిచి చూసుకోండి.

మరమ్మతు కూడా మనం చేసుకోగలిగిందే. నా విషయంలో ఆ ఫోల్డర్‌ను తిరిగి పాత చోట పెట్టి ఉంటే పని అయిపోయేదని మా వాడు చెప్పాడు. పాత చోటు వద్దనుకుంటే, సి డ్రైవ్‌లో మీ పేరు కింద ఉన్న డెస్క్‌టాప్ ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో లొకేషన్, అక్కడ రిస్టోర్ డిఫాల్ట్ నొక్కాలి. అక్కడ డెస్క్‌టాప్ ఫోల్డరే లేకపోతే ఆ పేరుతో ఖాళీది ఒకటి ముందు తయారు చేయాలి. లొకేషన్ దగ్గర డి డ్రైవ్ అని ఒట్టిగా ఇవ్వవద్దు, అలా చేస్తే డ్రైవ్ మొత్తం డెస్క్‌టాప్ అయి కూర్చుంటుంది, వెనక్కి తీసుకోవడం కష్టం. లొకేషన్ అన్నదే కనిపించకపోయినా, ఇవేవీ పనిచేయకపోయినా రిజిస్ట్రీలో (విండోస్ తన అమరికలు రాసుకునే చోటు) యూజర్ షెల్ ఫోల్డర్స్ అనే చోట డెస్క్‌టాప్ దారి సరిచేయాలి. అది తెలిసినవారు పక్కన ఉంటేనే ముట్టుకోండి.

ఇంకో రెండు సందర్భాలు విడిగా చెప్పాలి. బొమ్మలు మాత్రమే మాయమై, ఏ సందేశమూ రాకపోతే ఖాళీ చోట కుడి క్లిక్ చేసి వ్యూలో షో డెస్క్‌టాప్ ఐకాన్స్ దగ్గర టిక్కు ఉందో లేదో చూడండి. చాలాసార్లు అదే ఉంటుంది. రెండోది కాస్త ప్రమాదకరం. మీ ఖాతాలోకి ప్రవేశించలేకపోతున్నాం అన్న సందేశం వచ్చి, అంతా కొత్త కంప్యూటర్‌లా కనిపిస్తే విండోస్ మిమ్మల్ని తాత్కాలిక ప్రొఫైల్‌లోకి పంపిందన్నమాట. పాత ఫైళ్లు ఎక్కడికీ పోవు. ఆ తాత్కాలిక డెస్క్‌టాప్ మీద ఇప్పుడు దాచుకున్నవి మాత్రం బయటికి రాగానే పోతాయి. అక్కడ ఏమీ రాయకుండా ఒకటి రెండుసార్లు రీస్టార్ట్ చేసి చూడండి.

డిస్క్ నిజంగా పాడయ్యే సందర్భాలూ ఉన్నాయి, కాదనను. పాత రకం హార్డ్ డిస్క్ టిక్కు టిక్కుమని చప్పుడు చేస్తుంటే వెంటనే ఆపేసి నిపుణుడి దగ్గరికి తీసుకెళ్లండి. కానీ డిస్క్ పోయిందని ఎవరైనా అంటే చూపించమనండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ డిస్క్ ఆరోగ్యం ఎలా ఉందో చూపిస్తుంది, నడపడానికి నిమిషం కూడా పట్టదు. నాకు ఎవరూ ఏమీ చూపించలేదు. ఇంటికి తెచ్చాక మా వాడు ఫోన్‌లో చెబుతుంటే నేనే నడిపాను. డిస్క్ బాగుందనే వచ్చింది. డిస్క్ అదే, పాతదే, మార్చలేదు. కరప్ట్ అయిందన్నది దీన్నే.

ఇక 3,500 పెట్టిన రికవరీ. సాయంత్రం చేతిలో ఒక పెన్‌డ్రైవ్ పెట్టారు. ఇంటికొచ్చి తెరిస్తే 212 ఫైళ్లు, అన్నింటి పేర్లలోనూ ముందు ఇంగ్లీషు ఎఫ్ అక్షరం, వెనక పొడవాటి అంకెలు. ఒక్కొక్కటే తెరిచాను. విండోస్‌తో పాటు వచ్చే చిన్న చిన్న బొమ్మలు, నీలం బాణాలు, గేరు చక్రాలు. పట్టిక ఒక్కటీ లేదు. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఎస్‌ఎస్‌డీ, అంటే లోపల తిరిగే పళ్లెం లేని కొత్త రకం డిస్క్. ఫార్మాట్ చేయగానే ఏ గదులు ఖాళీ అయ్యాయో విండోస్ దానికి చెప్పేస్తుంది, వాటిని అది తనంతట తానే తుడుచుకుంటుంది. దీన్ని ట్రిమ్ అంటారు. పాత హార్డ్ డిస్క్‌లో ఫార్మాట్ తర్వాత కూడా కొంత దొరికే అవకాశం ఉంటుంది, ఎస్‌ఎస్‌డీలో ఆశ దాదాపు ఉండదు. రోజూ ఇదే పని చేసే దుకాణానికి ఈ విషయం తెలియదంటే నేను నమ్మను. తెలిసీ డబ్బు తీసుకున్నారు.

వన్‌డ్రైవ్ ఖాతాలోకి వెబ్‌సైట్ ద్వారా వెళితే కొన్ని దొరికాయి. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. పిల్లల వీడియోలతో సంక్రాంతికే అది నిండిపోవడంతో తర్వాత నేను రాసినదేదీ పైకి చేరలేదు. ఇన్నాళ్లూ నన్ను విసిగించిన ఆ హెచ్చరిక అర్థం అదే. అలా జనవరి మధ్య వరకు ఉన్న లెక్కలు బతికాయి, అక్కడి నుంచి ఏప్రిల్ దాకా ఉన్నవి పోయాయి. ఆ హెచ్చరిక మీకూ వస్తుంటే దాన్ని ఆపించడానికి దుకాణానికి వెళ్లకండి. ఫోటోలు వేరే చోటికి మార్చి అక్కడ జాగా చేయండి.

ఇప్పుడు వరండాలో చాప వేసుకుని చీటీలు ముందు పరుచుకుని కూర్చున్నాను. ఐసు చీటీలు తడిసి ఆరి అట్టల్లా గట్టిపడ్డాయి, చేపల వాసన ఇంకా పోలేదు. డీజిల్ బిల్లుల మీద అంకెలు వెలిసిపోయాయి, వెలుతురుకు పెట్టి చదవాలి. ఒక యజమానికి విషయం చెప్పడానికి నోరు రాలేదు. ఆయనే, ‘సరంగు దగ్గర పుస్తకం ఉంది కదమ్మా, తెచ్చిస్తాను’ అన్నాడు. జూన్ 14 లోపు వాటాలు తేల్చకపోతే కలాసీలకు రావాల్సిన డబ్బు ఆగిపోతుంది. వాళ్ల ముందు నిలబడాల్సింది నేను, ఆ దుకాణం వాళ్లు కాదు.

దుకాణంతో మాట్లాడాను. డేటాకు మేము బాధ్యులం కాము అన్నారు. రెండోసారి డబ్బుకు బిల్లు అడిగితే ఇవ్వలేదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార విధానమే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను, తెలుగులోనే మాట్లాడవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు ఉంటే అక్కడ ఫిర్యాదుకు రుసుము లేదు, రెండేళ్ల వరకు గడువు ఉంటుంది. నా దగ్గర ఉన్న ఆధారాలు మొదటి చీటీ, ఫోన్‌లో చెల్లించిన వివరం, ఆ ఉదయం తీసిన ఫోటో. మీరు ఏ దుకాణంలో ఇచ్చినా, నా అనుమతి లేకుండా ఫార్మాట్ చేయకూడదు అన్న మాట చీటీ మీద రాయించుకుని, దాన్ని ఫోటో తీసుకోండి. రాయనంటే ల్యాప్‌టాప్ వెనక్కి తెచ్చేసుకోండి.

ఈ మధ్య ద్వారకానగర్ వైపు ఎక్కడైనా సి డ్రైవ్ ఖాళీ చేయించుకుని, ఇప్పుడు డెస్క్‌టాప్ కనిపించక కంగారు పడుతున్నవారు ఉంటే, దేన్నీ ఫార్మాట్ చేయించకండి. ఈ రాత్రికే ఒకసారి డి డ్రైవ్ తెరిచి చూడండి.