డింపుల్, జ్యోతి: ఒకే రచయిత్రి, రెండు దారులు

భారతీ ముఖర్జీ రాసిన ‘వైఫ్’ (1975), ‘జాస్మిన్’ (1989) నవలలు రెండిట్లోనూ ఇండియా నుంచి అమెరికా చేరిన అమ్మాయే నాయిక. పోలిక దాదాపు అక్కడితో సరి.

‘వైఫ్’ నాయిక, కలకత్తా డింపుల్‌కి పెళ్లే స్వేచ్ఛ అనుకోవడం నేర్పారు. గర్భం పోవాలని తాడాట ఆడేంత ఉక్కపోత ఆమెది. న్యూయార్క్ వచ్చాక రోజంతా టీవీ ముందే. ఏది తెర మీద జరిగిందో, ఏది ఇంట్లో జరిగిందో తెలియని స్థితికొచ్చి, చివరికి గిన్నెలో సీరియల్ (పాలల్లో వేసుకునే తిండి) తింటున్న భర్తని కత్తితో పొడుస్తుంది. అది తిరుగుబాటు అనడానికి నాకు మనసొప్పదు. గొంతు దొరకని మనిషి పగిలిపోవడం, అంతే.

‘జాస్మిన్’ నాయిక, పంజాబ్ పల్లె హస్నాపూర్ జ్యోతి కూడా చంపుతుంది, కానీ తనని బలాత్కరించినవాణ్ణి. ఆ తర్వాత ఆమె బతుకు ముందుకే సాగుతుంది. అయితే ఒక తిరకాసుంది. జాస్మిన్ అన్న పేరు భర్త ప్రకాశ్ పెట్టింది. జేస్ అన్నది న్యూయార్క్‌లో ఆమె పాపని చూసుకునే పని చేసిన ఇంటాయన టేలర్, జేన్ అన్నది ఆ తర్వాత అయోవాలో ఆమెతో కలిసి బతికిన బడ్. ఈ మూడు పేర్ల వెనకా ఒక్కో మగాడే! బడ్ బిడ్డని కడుపులో మోస్తూ టేలర్‌తో కాలిఫోర్నియాకి బయల్దేరినప్పుడు కూడా, ఆ బతుకు నిజంగా ఆమెదేనా అన్న అనుమానం నాకు పోలేదు.

అయినా మళ్లీ చదవమంటే నేను తీసేది ‘వైఫ్’నే. అందులో ఓదార్పు లేదు, అబద్ధమూ లేదు.